పండ్రెండవ తొట్టి

హేమంతము గడచి శిశిరము ప్రవేశించిన మాఘమాసమున నొక యరుణోదయవేళ గోదావరీసాగరసంగమముపై మంచుతెరలు మెల్లమెల్లగ తొలగుచుండ, ఆటు తీసిన సముద్రము క్రోశార్ధము వెనుకకు జరిగి మడచెట్ల వేళ్లను బయలుపఱచి పోవ, కుంకుమకాంతులు సోకి తళతళలాడు నా విశాలకర్దమక్షేత్రమున వేలకొలది చిన్నపీతలు బొరియలనుండి వెడలి యొక్కొక్క పెనుడెక్క నెత్తుచు దించుచు నదృశ్యుడగు నే రాజునకో వందనము లర్పించు సైనికులవలె సంచరించుచుండెను.

ఆ యడుసులో మోకాళ్లబంటి దిగి చీరకుచ్చెళ్లు నడుమున దోపికొని నిలిచిన ముప్పదియేండ్ల వనిత పేరు మాణిక్యాంబ. సమీపపట్టణమందలి విజ్ఞానకళాశాలలో నామె జీవశాస్త్రోపన్యాసకురాలు. ఆమెకై పీతలను పట్టి తట్టల నింపుచున్నది పోలమ్మ యను జాలరిస్త్రీ.

"ఈటిని సీకటిగదిలో ఎట్టినా సంద్రాన్ని మరిసిపోవండమ్మగోరూ. నలబయ్యేళ్లుగా సూత్తన్నాను. కుండలో ఏసి మూతెట్టినా ఆటుయేళకి లేసి గిరగిరా తిరిగేత్తాయి" అని పోలమ్మ పలికెను.

మాణిక్యాంబ యా మాటను నవ్వి త్రోసిపుచ్చలేదు, పరీక్షింప నిశ్చయించెను. సముద్రఘోష వినరాని కళాశాలాభవనమున గవాక్షరహితమగు నొక గదియందు పండ్రెండు తొట్లలో, తట్టకొక తొట్టి చొప్పున, పీతల నుంచి నలువది దినములు ఎఱ్ఱగాజుదీపపు మసకవెలుగున వాని కదలికలను వ్రాసికొనెను. పదునొకండు తొట్లలోని పీతలు సరిగా ఆటువేళకు లేచి తిరుగాడి పోటువేళకు స్తబ్ధము లయ్యెను. సముద్రమువలెనే ప్రతిదినమును రెండు గడియలు ఆలస్యముగ లేచెను. పండ్రెండవ తొట్టిలోనివి మాత్రము వేళాపాళా లేక తోచినపుడు కదలి తోచినపుడు పడియుండెను.

కళాశాలాధ్యక్షుడు నరహరి సోమయాజులు శుద్ధగణితమున నపారకీర్తి గడించిన పండితుడు. ఆ యేటి పరిశోధనసభలో అభాజ్యసంఖ్యలనుగూర్చి తాను కనుగొన్న సిద్ధాంతమును వినిపింపనున్న యాతడు అదే సభకై మాణిక్యాంబ సమర్పించిన పట్టికను చూచి కనుబొమలు ముడిచెను.

"అమ్మా! పదునొకండు తొట్లు చాలును. కడపటిదానిని తొలగింపుము. ఇంత నిర్మలమైన ఫలితమునకు మచ్చ యేల?"

"అది మచ్చ గాదండీ. నేను కన్నులార చూచినది."

"తొలగింపవేని సభాపత్రమున నీ పేరుండదు."

"పేరు తీసివేయుడు. తొట్టిని మాత్రము నేను తీయను."

అని పట్టికను చుట్టుకొని యామె వెలుపలికి వచ్చెను. ఏడేండ్లు వేచి సంపాదించిన యవకాశ మొక్కమాటతో జాఱిపోయెను. దుఃఖము పొంగెను గాని దానివెనుకనే వచ్చిన కోపము దానిని మ్రింగివేసెను.

సభాదినమున సోమయాజులు సిద్ధాంతమును నిరూపించి కరతాళధ్వనులనడుమ ప్రశ్నల కనుమతి యొసగెను. కడపటి బల్లనుండి మాణిక్యాంబ లేచెను.

"అయ్యా! లక్షలాది సంఖ్యలు మీ సిద్ధాంతమునకు లోబడి యొక్క సంఖ్య మాత్రము లోబడనిచో దానిని దాతురా?"

"దాచుటయా! ఆ యొక్క సంఖ్యయే సిద్ధాంతమును కూల్చును. దానిని దాచినవాడు గణితజ్ఞుడు గాడు, దొంగ!"

"అట్లయిన మీరు నన్ను దాచుమన్న యొక్కదానిని ఈ సభకు చూపుటకు పావుగంట యిప్పింపుడు."

సోమయాజుల ముఖము కందిపోయెను. అతిథిగా నగ్రాసనమున గూర్చున్న వృద్ధవైద్యుడు కండ్లజోడు సవరించుకొని "చెప్పుమమ్మా" యనెను. మాణిక్యాంబ పండ్రెండు తొట్ల వృత్తాంతమును తడబడక చదివెను.

"ఆ పండ్రెండవ దేల తప్పినది?" అని యా వైద్యు డడిగెను.

"తెలియదండీ. తెలియదని చెప్పుటకే లేచితిని."

మఱునాడే చీకటిగది తాళపుచెవి నామెయొద్దనుండి తీసికొనిరి. ఆమె యెవరిని బ్రతిమాలక పోలమ్మ గుడిసెకు పోయి యే తట్టలోని పీతల నెచట పట్టితివని యడిగెను. పోలమ్మ చెంగుతో మొగము తుడిచికొని కొంచెము జంకుచు చెప్పెను.

"ఆకరి తట్టకి తక్కువయ్యాయని ఉప్పుమళ్ల కట్టకవతల పట్టానండి. అక్కడికి పోటూ రాదు, ఆటూ రాదు. అయ్యక్కడే పుట్టి పెరిగినయ్యండమ్మగోరూ. ఆటికి సంద్రమెలా తెలుత్తాదండీ?"

మాణిక్యాంబ యున్నచోటనే ఇసుకలో చతికిలబడి బిగ్గరగా నవ్వెను. తన యింటి సామానుగదికి కంబళ్లు కట్టి చీకటి గావించి యాఱు తొట్లలో తీరపుపీతలను, ఆఱు తొట్లలో కట్టకవతలి పీతలను ఉంచి రెండు మాసములు కావలి గాచెను. సముద్ర మెఱిగినవి సముద్రమును పాటించెను. ఎఱుగనివి దేనిని పాటింపలేదు.

ఈ వార్త విని సోమయాజులు తానే యామె యింటికి వచ్చెను.

"అపూర్వమైన ఫలితము. కళాశాలసంపుటమున ప్రకటింతము. పైన నా పేరును క్రింద నీ పేరును ఉండుట మన సంప్రదాయము గదా."

"క్షమింపుడు. నాడు నా పేరు తీసివేసినది మీరే. నేడు మీ పేరు చేర్చుటకు నాయొద్ద చోటు లేదు."

ఆతడు గడపదాటబోయి నిలిచి వెనుకకు తిరుగకయే "నాడు సభలో నేను చెప్పిన సమాధానము మాత్రము సత్యమమ్మా" యని వెడలిపోయెను. చీకటిగది మరల నామెకు దక్కలేదు.

వ్యాసము సుదూరనగరమందలి యొక శాస్త్రపత్రికకు పోయెను. మాణిక్యాంబ పేరు క్రింద పోలమ్మ పేరు చూచి సంపాదకుడు "రెండవ రచయిత్రికి గల పట్టమేమి?" యని ప్రశ్నించెను. మాణిక్యాంబ తిరుగుటపాలోనే యుత్తరము వ్రాసెను. "పట్టము లేదు. నలువదియేండ్ల పరిశీలన కలదు. ఆమె పేరు తొలగింపదలచితిరేని వ్యాసమునే తిప్పి పంపుడు."

మూడు మాసములకు పత్రిక వచ్చెను. రెండు పేర్లును సమానాక్షరములతో నచ్చయి యుండెను.