కోతగాళ్ల బొమ్మలోని తెలుపు

ఆ ఉదయం ఆకాశం కిందికి దిగి వ్యాత్కా నది మీద కూర్చుంది. మంచు కురవదు, తెరిపీ ఇవ్వదు. రిమ్మా బస్సు దిగి, బురద తొక్కుకుంటూ గ్లాఫీరా ఇంటికి నడిచింది. సంచిలో ప్రయోగశాల ఇచ్చిన కాగితం ఉంది.

రిమ్మా ముప్పై ఏళ్లుగా నగరంలోని కళాశాలలో ఆధునిక చిత్రకళ చెబుతోంది. గ్లాఫీరా తండ్రి ప్రోఖర్ పేరు నలుగురికీ తెలిసింది ఆమె రాసిన పుస్తకం వల్లే. ఆ పుస్తకం ఒక్క బొమ్మ మీద నిలబడి ఉంది. 1915లో ఆయన వేసిన 'కోతగాళ్లు'. అందులో మనుషులు కొడవలి అంచుల్లా ముక్కలు ముక్కలుగా ఉంటారు, చొక్కాలు మాత్రం తెల్లగా.

సోమవారం ఆ బొమ్మ మాస్కో ప్రదర్శనకు వెళ్లాలి. ప్రోఖర్ వేసిందేనని రిమ్మా సంతకం పెట్టాలి. ఇంతలో ఆ తెలుపులో టైటానియం ఉందని తేలింది. 1915లో ఏ చిత్రకారుడి దగ్గరా ఆ రంగు లేదు. తర్వాతెవరో దిద్ది ఉంటారు. ఆ మాట గ్లాఫీరా నోట వింటే చాలు.

"రావమ్మా ప్రొఫెసరమ్మా! కాలేజీలోంచి తరిమేశారా, నువ్వే పారిపోయొచ్చావా?" ఎనభై రెండేళ్ల గ్లాఫీరా ఉన్ని మేజోడు కుడుతూ అంది.

"ఇంకా తరమలేదు పిన్నీ. కోతగాళ్ల చొక్కాలకి ఎప్పుడైనా ఎవరైనా తెల్లరంగు దిద్దారా?"

సూది ఆగింది.

"దిద్దడమేంటే. బొమ్మంతా వేసిందే నేను."

"ఎగతాళి చేయకు పిన్నీ."

"నాన్నది నలభై రెండులో, యుద్ధం రెండో చలికాలంలో పొయ్యిలోకి పోయింది. ముందు చట్రం, తర్వాత గుడ్డ. ఆ మంట మీద అమ్మ నీళ్లు కాచింది. ఇరవై రెండేళ్లకి నీ ఉత్తరం వచ్చింది, బొమ్మ చూడ్డానికొస్తున్నానని. నాన్న గురించి అడిగిన మొదటి మనిషివి. లేదని ఎలా చెప్పను? ఊరి క్లబ్బు గోడలకి నినాదాలు రాసేదాన్నిగా, రంగులు అక్కడివే. పది రోజుల్లో వేసి పొయ్యి పైన ఆరబెట్టా. పగుళ్లు వాటంతటవే వచ్చాయి."

ఆ పగుళ్లు చూసే రిమ్మా బొమ్మ వయసు కట్టింది.

"అచ్చం ఆయనదిలాగే వచ్చిందా?"

"చొక్కాలు కుదర్లేదు. నాన్నవి వెలిగేవి."

ఏటేటా విద్యార్థులకు రిమ్మా ఎక్కువసేపు చూపించేది ఆ చొక్కాలనే.

"ఇన్నేళ్లూ ఎందుకు దాచావు?"

"వచ్చినప్పుడల్లా నాన్న గురించి మాట్లాడేదానివి. ఆపబుద్ధి కాలేదు." గ్లాఫీరా గొంతు తగ్గించింది. "దిద్దారనే రాసేసుకో. కాటికి కాళ్లు చాపినదాన్ని, నన్నెవరడుగుతారు? నాన్న పేరు నిలుస్తుంది. నీదీ నిలుస్తుంది."

రిమ్మా తను సంతకం పెట్టాల్సిన కాగితం తీసి బల్ల మీద పరిచింది. కలం తీసి రాసింది: 'ప్రోఖర్ వేసినది కాదు. ఆయన కూతురు గ్లాఫీరా జ్ఞాపకం నుంచి వేసినది.' కింద సంతకం పెట్టింది.

గ్లాఫీరా కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టి, కూడబలుక్కుంటూ చదివింది.

"చంపేశావే ఆయన్ని," అంది.

తర్వాత లేచి, ఉడికిన దుంపలూ, పులిసిన కాబేజీ, నల్ల రొట్టె తెచ్చి పెట్టింది. రెండు చెంచాలు వేసింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, తలెత్తకుండా తిన్నారు.