జనాలకు వీపు తిప్పినాయన

మా దీక్ష ఇంట్లో నోరు మూయదు, బడిలో నోరు తెరవదు. రెండో తరగతికి వచ్చినా అంతే. జనాల ముఖాలు చూస్తే మాట బయటికి రాదు. శశికళ మేడం నన్ను పిలిపించి, "స్కూల్ డే నాడు స్టేజీ మీద మాట్లాడితే సరి. లేదంటే చిక్కబళ్లాపురంలో మాటలు రాని పిల్లోళ్ల బడికి రాసిస్తానమ్మా" అనింది. అక్కడ హాస్టల్లో ఉండాల. ఏడేండ్ల పిల్ల.

స్కూల్ డే వేషాల పోటీకి చీటీలు వేసినారు; ఎవరి పేరు వస్తే వాళ్ల వేషం కట్టి కథ చెప్పాల. అందరికీ దేశదేశాల సంగీతగాళ్లు. దీక్షకు వచ్చినాయన హంగేరీ దేశస్థుడు, పేరు బార్నబాష్ హొమొరోది.

నేను చదివింది ఎనిమిది, అదీ కన్నడ బడిలో. ఫోన్లో కన్నడలో వెదికి ఆయన కథ నోట్సులో రాసుకున్నా. పుట్టింది పిండి మిల్లు నడిపే ఇంట్లో. యుద్ధమప్పుడు చలికి తాళలేక ఇంట్లో పియానోను పొయ్యిలో పెట్టేసినారు. రెండేండ్లు తిండి బల్ల మీద వేళ్లు ఆడించి నేర్చుకున్నాడు. ఇరవై ఏండ్లు ఊరూరా పియానో కచేరీలు చేసినాడు. ఒకసారి వియన్నాలో జనాల పక్క చూసి, వాయించేది మరిచిపోయి, లేచి దండం పెట్టి ఇంటికి పోయినాడు. మళ్లీ కచేరీలో పియానో ముట్టలేదు. అరవై మంది వాద్యగాళ్ల ముందర చిన్న పుల్ల పట్టుకుని వాళ్లను నడిపించే పని పట్టినాడు. ఎనభై ఒకటో ఏట పోయినాడు.

వీడియో చూస్తే తెలిసింది. ఆ పనిలో జనాలకు వీపు తిప్పే నిలబడాల.

మా అత్త మునివెంకటమ్మ ఒప్పుకోలేదు. "వచ్చినోళ్లకు వీపు చూపిస్తే మర్యాద యాడుండాదే? పెండ్లిలో డోలు కొట్టేటోడు కూడా మన పక్కే చూస్తాడు."

"ఆయన పనే అది అత్తా."

"అందుకే ఏ ఊర్లోనూ నిలవనీలేదేమో, ఊరూరా తిరిగినాడు."

మా ఆయన మంజునాథ తన పెండ్లి కోటు ఇచ్చినాడు. పిల్లకు మోకాళ్లు దాటింది. పుల్లకు తోటలో మల్బరీ కడ్డీ విరిచినాను.

స్టేజీ మీద అరవై మందికి బదులు నేనొక్కదాన్నే, కుర్చీ వేసుకుని. దీక్ష తల వంచుకుని వచ్చి, నా పక్క తిరిగి, పుల్ల ఎత్తింది. ఎత్తినట్టే ఉండిపోయింది. మేడం గడియారం చూసింది.

మొదటి వరసలోంచి మా అత్త లేచింది. "ఏమే పాపా, ఇట్ల తిరుగు! హెడ్మాస్టరప్ప కూర్చోనుండాడు!"

దీక్ష తిరగలేదు. పుల్ల దించలేదు.

"గమ్మునుండు అవ్వా, వాయిస్తాండారు" అనింది. మైకులో అనింది.

అత్త కూర్చునింది. పిల్ల ఆయన కథ పిండి మిల్లు దగ్గర మొదలుపెట్టి ఎనభై ఒకటో ఏడు దాకా మొత్తం చెప్పేసింది. వియన్నా దగ్గర "ఇంటికి పోయి రాగిముద్ద తిన్నాడు" అనింది. అది నేను రాయలేదు.

హెడ్మాస్టరు నరసింహయ్య, ముఖం కనబడలేదు కాబట్టి అభినయానికి సున్నా అన్నాడు. ఐదుగురిలో ఐదో స్థానం.

మేడం చిక్కబళ్లాపురం బడి ఫారం తీసింది. "ముఖం చూపించలేదు కదమ్మా."

"మాట్లాడితే సరి అన్నారు మీరు."

మేడం ఆ ఫారం మీదే "మాట్లాడుతుంది, అటు తిరిగి నిలబడితే" అని కన్నడలో రాసి నా సంతకం తీసుకునింది.

సోమవారం నుంచి దీక్ష అదే బడిలో, తన క్లాసులోనే గోడ పక్క తిరిగి ఎక్కాలు చెప్తాండాది. ఏడో ఎక్కం దాకా వచ్చింది.