నాకు కేటాయించిన పెద్దాయన

అక్షరాలు నాకు అరవయ్యో ఏట వచ్చాయి. ఒత్తులు ఒక్కోచోట జారిపోతాయి. ఒక వాక్యం పూర్తయ్యేలోగా పొయ్యి మీద ఎసరు మరిగి ఇంకిపోతుంది. తప్పులుంటే దిద్దుకుని నిదానంగా చదవండి.

ఈ రోజు పంచాయతీ ఆఫీసులో మాకు చనిపోయినవాళ్లను పంచుతున్నారు.

మాది గోదావరి ముంపు ఊరు. నీళ్లు వచ్చాక మమ్మల్ని తెచ్చి ఈ మెట్ట ఊరి పక్కన కాలనీలో దింపారు. నాలుగేళ్లయినా ఇక్కడివాళ్లకు మేం ముంపోళ్లమే. శ్మశానంలో తనవాళ్లు ఒక్కరైనా లేనివాళ్లు ఊరివాళ్లెలా అవుతారని వాళ్లు అడుగుతారు. అదీ న్యాయమేనని ప్రభుత్వం కలుపుగోలు పథకం పెట్టింది. ఊళ్లో ప్రతి ఇంటివాళ్లూ తమ పెద్దల్లో ఒకరిని మాకు ఇవ్వాలి.

నా వంతుకు చిక్కాల గవర్రాజు గారు వచ్చారు. పాము కరిచి పోయి ముప్పై ఏళ్లయిందట. పొట్టి మనిషి. సైకిల్ గొలుసులో పడకుండా పంచె ఒకవైపు ఎగ్గట్టుకుని ఉన్నారు. ఆయన కోడలు నూకరత్నం చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అప్పగిస్తోంది.

"ఉప్పు తక్కువైతే ఆకు ముందు నుంచి లేచిపోతారు పిన్నిగారూ. మా అత్త నలభై ఏళ్లు పడింది."

"మరి మీకు లోటు కాదా అమ్మా?"

"మాకింకా ముగ్గురున్నారండి. ఈయన్ని ఇచ్చెయ్యమని మా అత్తే చెప్పింది."

"ఆవిడెక్కడుంది?"

"ఆ ముగ్గుర్లో ఆవిడొకతి."

గవర్రాజు గారు మా ఇంటికి వచ్చి వసారాలో కూర్చుంటారు. ఇవాళ పెద్దలకు పెట్టుకునే రోజు. అరిటాకు వేసి, అన్నం, వంకాయ పచ్చడి వడ్డిస్తాను. ఆయన తింటుంటే అన్నం తరగదు. ఆకు పచ్చదనం తరుగుతుంది.

గుమ్మం బయట మా ఇంటాయన నిలబడి ఉన్నాడు. ఆయన పోయి పదకొండేళ్లు. ఏటా ఈ రోజున, ఇప్పుడు నది అడుగున ఉన్న మా పాత శ్మశానం నుంచి నడిచి వస్తాడు. పంచె నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఆ ఆకు నాది కాదేంటే?"

"కాదంట మావా. ఇంటికొకటేనంట."

"సర్లే. అలవాటు లేని మనిషి, ముందాయన్ని తిననీ."

వీఆర్వో గారు కాగితం పట్టుకుని వస్తారు. రెండాకులు వేసిన ఇల్లు కలవని ఇంటి కింద లెక్కట. పాతాయన్ని రద్దు చేస్తున్నట్టు నేను రాసివ్వాలి. రాస్తే మా ఇంటాయనకు ఇంకెక్కడా ఆకు ఉండదు. రాయకపోతే ఈ ఇల్లు ఉండదు. అప్పుడు ఆకు వేయడానికి వసారాయే ఉండదు.

"మీ ఆయన పేరు?"

"మొగుడి పేరు చెప్పనండి. మావైపు చెప్పరు."

"నోటితో ఎవరు చెప్పమన్నారమ్మా? రాయి. ఎందుకు నేర్పించామనుకున్నావు?"

"మీ పుస్తకంలో లేదాండి?"

"మీ ఊరి పుస్తకాలు ఊరితోనే మునిగాయి. ఆ పేరు ఇప్పుడు నీ దగ్గర తప్ప ఎక్కడా లేదు."

కాగితంలో గీతల మధ్య ఖాళీ ఉంది. మా ఇంటాయన గుమ్మంలోంచి వంగి చూస్తున్నాడు. ఆయనకు చదవడం రాదు.

"ఏం రాస్తన్నావే?"

"నీ పేరడుగుతున్నారు మావా."

"నువ్వెప్పుడూ అన్లేదుగా. ఓసారి నీ నోట వినాలని ఉండేది."

నేను రాస్తాను. ఒక్కో అక్షరమూ గీసి, సరిచూసుకుని, తరవాతి దానికి వెళ్తాను. పూర్తయ్యేసరికి వీఆర్వో గారి మీసం నెరిసింది.

"ఇది నీ పేరు కదమ్మా."

"రద్దయ్యేవాళ్ల పేరన్నారు కదండీ."

ఆయన కాగితం మీద వేలు పెట్టి లెక్క చూస్తారు. "ఒకరు తగ్గాలి. తగ్గారు. సరిపోయింది" అని ముద్ర వేస్తారు. గుమ్మం వైపు తిరిగి, "ఇంటి యజమాని నువ్వేనా? రా, వేలిముద్ర వెయ్యి" అంటారు. మా ఇంటాయన తడి వేలు నొక్కి లోపలికి వస్తాడు. ఇప్పుడాయన బతికున్నవాళ్లలో లెక్క. ఆయనకు ఆకు అక్కర్లేదు, కంచం చాలు. గవర్రాజు గారు పక్కకు జరిగి, "కూర్చో తమ్ముడూ" అంటారు.

నాకు ఏడుపు రావడం లేదు. చేతులు కాస్త తేలికగా ఉన్నాయి.

తగ్గినవాళ్లను కూడా ఎక్కడో ఒకచోట చేర్చాలి. గవర్రాజు గారిని నాకిచ్చి ఒకరు తగ్గిన ఇల్లు నూకరత్నం వాళ్లది. ఆమె వచ్చి నన్ను పటం కట్టించి, చంకన పెట్టుకుని వీధి వెంట నడుస్తోంది. అరుగుల మీద ఆడవాళ్లు లేచి నిలబడుతున్నారు.

"ఇప్పుడు మీరు మా ఊరోళ్లే పిన్నిగారూ" అంటుంది.

నన్ను గోడకు తగిలిస్తారు. బొట్టు పెడతారు. అద్దం వెనక గోదారి నెమ్మదిగా లేచి నా మోకాళ్ల దగ్గర ఆగుతుంది. పొద్దున్నే నూకరత్నం పటాన్ని కాస్త ముందుకు వంచి, కింద బిందె పెట్టి నీళ్లు పట్టుకుంటుంది. తియ్యగా ఉన్నాయంటుంది. ఈ మెట్టలో ఇలాంటి నీళ్లు ఎప్పుడూ లేవట. వీధిలోవాళ్లు కూడా బిందెలతో వాకిట్లో వరస కడుతున్నారు. నేను కాళ్లు కొంచెం ఎడంగా పెట్టి నీళ్లకు దారి ఇస్తాను.

వేట్ల ఆదెమ్మ, వయసు అరవై మూడు. ప్రస్తుతం ఉంటున్నది చిక్కాల వారి ఇంట్లో, దక్షిణపు గోడ మీద, ఎడమ నుంచి నాలుగో పటంలో.