ఆవుల తర్వాత మనుషులు

నర్సింగమ్మ తన చేలో తాను జొన్న కోస్తుంటే తుపాకీ మడమతో కొట్టారు. కుడిచేతి మణికట్టు విరిగింది. ఆమె కోసింది రెండు మోపులు కూడా లేదు. ఆమెకు అరవై ఏళ్లు. కొట్టిన మిలిటరీ సిపాయికి ఇరవై రెండు ఉంటాయేమో. వాడు ఈ నేల మీద పుట్టలేదు, వాడికి ఈ భాష రాదు. ఆమెను వేలెత్తి చూపించిన మనిషికి మాత్రం భాష బాగా వచ్చు. ఆయన మా మఠం అయ్య, శివలింగయ్య. గట్టు మీద గొడుగు కింద నిలబడి, "దేవుని పంట దొంగతనం జేస్తాంది" అన్నాడు.

ఊరంతా చూసింది. నేనూ చూశాను. నేను రఘుపతిని, రాళ్లవాగు బడిపంతులును. కట్టంగూర్‌కు ఆరు మైళ్ల దక్షిణాన మా ఊరు. ఆ రోజు నేను ఒక్క అడుగు ముందుకు వేయలేదు. అందుకే మిల్లుల్లో పనిచేసే మీకు, హాస్టళ్లలో చదువుకునే మీకు, ఇది చెప్పకుండా ఉండలేను.

రెండేళ్ల కిందట రైతుకూలీల సంఘం వచ్చినప్పుడు మఠం కింద ఉన్న మూడు వందల ఎకరాలనూ దున్నేవాళ్లే పంచుకున్నారు. అయ్య హైదరాబాదు పారిపోయాడు. రెండు పంటలు మా ఊరి కడుపులోకే పోయాయి. పోలీసు చర్య జరిగింది, నైజాం దిగిపోయాడు అంటే సంబరపడ్డాం. రజాకార్లు పోయిన బాటనే మిలిటరీ లారీలు వచ్చాయి. మొదటి లారీలో డ్రైవరు పక్కన అయ్య కూచుని ఉన్నాడు. నెత్తిన కాంగ్రెసువాళ్ల తెల్ల టోపీ పెట్టుకున్నాడు. మా సంబరం అంతటితో సరి.

మిలిటరీ వెంట వచ్చిన అధికారి మర్యాదగానే మాట్లాడాడు. భూమి ఎవరిదో ఆధారం చూసి చెప్తానన్నాడు. ఎనిమిది రోజుల్లో విచారణ, అందాకా ఎవరూ కోత కోయకూడదు. మఠం చూపించిన ఆధారం శాసనం రాయి. మఠం గోడ ముందు నిలువెత్తున ఉంటుంది. ఏడు వందల ఏండ్ల కిందట ఎవరో సామంతుడు మఠానికి భూదానం చేసి దాని మీద చెక్కించాడని తాతల నాటినుంచి వింటున్నదే. మఠంలో దాచిన పాత ప్రతి చూసి అయ్య దానికి కాగితం మీద నకలు రాసి అధికారికి ఇచ్చాడు.

అసలు రాతిని ఊళ్లో ఎవరూ చదివి ఎరగరు. అక్షరం కనపడితే కదా చదవడానికి. ఏటా కోతకు ముందు, మఠం భూమి దున్నే ప్రతి ఇల్లూ ఆ రాతికి ఒక పూత సున్నం వేయాలి. వేయకపోతే పశువులు పడిపోతాయని మఠం చెప్పింది. మేం నమ్మాం. అత్తలు కోడళ్లకు నేర్పారు, కోడళ్లు వాళ్ల కోడళ్లకు నేర్పారు. పూత మీద పూత పడి రాయి గాదెలా లావెక్కింది. ఆ సున్నం కింద ఏముందో మాకు తెలియకుండా మా చేతులతోనే కప్పిపెట్టుకున్నాం.

నర్సింగమ్మను కొట్టిన మర్నాడు మధ్యాహ్నం గొల్ల బీరప్ప కల్లంలో మీటింగు పెట్టుకున్నాం. నూరు మంది దాకా వచ్చారు. నేనే ముందు లేచాను.

"రాతిని సదువుదాం. నకల్ల అయ్య ఏం దాసిండో. రాజులు ఉత్తగ ఇయ్యరు, షరతులు రాస్తరు. బాటసారులకు అన్నం పెట్టాలంటరు, దున్నేటోనికి ఇంత పాలు అంటరు. మఠం ఒకలకు బుక్కెడు అన్నం పెట్టి ఎన్ని తరాలైంది? షరతు తప్పితే దానం చెల్లదు."

ఊళ్లో సంఘం నడిపేది మారయ్య. బక్కమనిషి, గొంతు మాత్రం పెద్దది. "పంతులూ, గా రాయి ఎవలు చెక్కిచ్చిన్రు?"

"రాజు."

"ఎవల ముంగట పాతిన్రు?"

"మఠం ముంగట."

"మరి అండ్ల మన మాట ఎందుకుంటది?"

"కాయితం కంటె రాయి నయం మారయ్యా. దాన్ని దిద్దలేరు."

"మనం భూమిని దున్ని తీసుకున్నం, సదివి తీసుకోలే" అన్నాడు మారయ్య. సగం మంది అటు, సగం మంది ఇటు అరిచారు. చివరికి నర్సింగమ్మ వెదురుబద్దలు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, "సదవనీయున్రి. నలభై ఏండ్లసంది సున్నం పూసిన. దేన్ని పూసిన్నో చూసి సస్త" అంది. ఆ మాటతో మీటింగు తేలింది.

తెల్లవారి ఎనభై మందిమి మఠం ముందుకు పోయాం. అధికారిని అడిగితే, చదువుకోండి, నాకేం అభ్యంతరం అని నవ్వాడు. మఠం మనుషులు మాత్రం వంశాలు నాశనమవుతాయని గుమ్మంలోంచి శాపనార్థాలు పెట్టారు. ముసలివాళ్లు ముట్టడానికి జంకారు. నర్సింగమ్మ ఎడమచేత్తో కొడవలి వీపు పట్టుకుని మొదటి పెచ్చు ఊడగొట్టింది. ఆమె కోడలు సోమమ్మ చింతపండు పులుసు పోసి పీచుతో రుద్దింది. రాళ్లు కొట్టే జానయ్య ఉలి మొనతో, దెబ్బ రాతికి తగలకుండా గట్టి పొరలు లేపాడు. రెండు రోజులు పట్టింది. రెండో రోజు సాయంత్రానికి అక్షరాలు బయటపడ్డాయి.

పాత అక్షరాలు మా నాయిన నేర్పాడు. వేలు పెట్టి కూడబలుక్కుంటూ పైకి చదివాను. సూర్యగ్రహణం నాడు, తన తండ్రికి పుణ్యలోకం కోసం, ఫలానా సామంతుడు మఠం గురువుకు ఇచ్చిన భూమి. తూర్పున పుట్ట, దక్షిణాన వాగు, పడమట నల్లగుండు హద్దులు. జనం తలలూపారు. ఆ పుట్ట లేదు గానీ వాగూ గుండూ అట్లాగే ఉన్నాయి. ఒక వరుస బాగా అరిగి ఉంటే దాన్ని వదిలేసి కిందికి పోయాను. అక్కడ పేర్లున్నాయి. మాచబోయుడు, అతని ఇల్లు. బీరబోయుడు, అతని ఇల్లు. పోచుడు, అతని ఇల్లు. మొత్తం పన్నెండు.

"బీరబోయుడా?" అన్నాడు బీరప్ప. "మా ఇంట్ల తరానికొకనికి గదే పేరు పెడతం గదనే."

"మా పెద్దమనిషి పోచయ్య" అని ఒకరు, "మాచమ్మ మా అవ్వ" అని ఇంకొకరు. రాతి చుట్టూ ఒక్కసారి అలజడి లేచింది. మన పేర్లున్నయి, పట్టా మనదే అన్నారు. సోమమ్మ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఎవరో బెల్లం తేవడానికి పరుగెత్తారు. ఆ సంబరం నాదేనన్నట్టు నా ఛాతీ కూడా పొంగింది. అప్పుడు వదిలేసిన వరుసకు మళ్లీ తడి గుడ్డ వేసి చూశాను. దాన్ని రెండుసార్లు నాలో నేనే చదువుకున్నాను.

"పంతులూ, ఏమైంది?" సోమమ్మ అడిగింది.

"గివి భూమి పొందినోళ్ల పేర్లు గావు సోమక్కా. ఇచ్చిన వస్తువుల వరుసల ఉన్నయి."

"అంటే?"

"భూమి. ఒక గానుగ. నలభై ఆవులు. గా ఎనక పన్నెండు ఇండ్లు. భూమి దున్నెతందుకు వాళ్లను, వాళ్ల పిల్లల పిల్లలను, సూర్యుడు చంద్రుడు ఉన్నన్ని దినాలు మఠానికి ఇచ్చిండు."

"ఆవుల ఎనకనా?" అన్నాడు బీరప్ప.

"ఎనకనే."

బెల్లం తెచ్చిన మనిషి దాన్ని ఏం చేయాలో తెలియక పట్టుకుని నిలబడ్డాడు. నేను తల ఎత్తలేకపోయాను. చదువు మీద నాకున్న నమ్మకాన్ని నమ్మి వీళ్లు రెండు రోజులు గోళ్లు అరిగేలా రుద్దారు. రుద్ది తమ తాతల అమ్మకం కాగితాన్ని తామే బయటికి తీశారు. కనీసం అమ్మకం కూడా కాదు, ధర్మం కింద ఇచ్చేశారు.

జానయ్య ఉలి తీశాడు. "గా వరుసలన్ని చెక్కేస్త. అర్ధ గడియల పని." సిగ్గు విడిచి చెప్తున్నాను, నేనూ సరేనన్నాను.

మారయ్య నన్ను ఎత్తిపొడవవచ్చు. పొడవలేదు. "చెక్కితే మనం దొంగలమైతం" అన్నాడు అంతే.

"చెక్కద్దు" అంది సోమమ్మ. "చెక్కితే భూమి మఠానికి మిగుల్తది, మనమే పోతం. మొత్తం గా దొర చెవుల పడాలె. ఏ రాతను జూసి మా నోటికాడి బువ్వ గుంజుతున్నవో నువ్వే ఇనుమనాలె."

చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. రాతి అడుగున శాపం కూడా ఉంది. ఈ దానాన్ని హరించినవాడు అరవై వేల ఏండ్లు పెంటలో పురుగై పుడతాడని చదివి వినిపించాను.

"అండ్ల ఏడు వందల ఏండ్లు అయిపోయినయి గద" అంది నర్సింగమ్మ. "మిగిలినయి గూడ ఎల్లదీస్తం."

విచారణ నా బడి అరుగు మీదే జరిగింది. అధికారి నా కుర్చీలోనే కూచున్నాడు. అయ్య నకలు చదివాడు. భూమి, హద్దులు, గానుగ, నలభై ఆవులు. అక్కడ ఆపి కాగితం మడిచాడు. తక్కినది నేను చదివాను. పన్నెండు పేర్లూ చదివాను. దుబాసీ ఆయన భాషలోకి మార్చి చెప్తుంటే అధికారి కలం ఆగింది. ఆయన ముఖం నిజంగానే ఎర్రబడింది.

"ఇది స్వతంత్ర దేశం. మనుషుల్ని దానం చేయడం చెల్లదు. ఆ మాటలు రద్దయినట్టే" అని దుబాసీతో చెప్పించాడు.

సోమమ్మ ముందుకు వచ్చింది. "మరి భూమి మాటలో?"

"అది ఆస్తి. అది వేరు."

"ఒక్క ఉలితోని ఒక్క దినం చెక్కిన్రు దొరా. కింది వరుస సస్తె మీది వరుస ఎట్ల బతికింది?"

దుబాసీ అది చెప్పాడో లేదో తెలియదు. అధికారి తల వంచుకుని రాసుకుపోయాడు. భూమి మఠానిది. రేపటినుంచి మఠమే పంట కోసుకోవచ్చు, మిలిటరీ కాపలా ఉంటుంది. ఆ మనిషి చెడ్డవాడు కాడు. మమ్మల్ని తాతల నాటి దానం నుంచి విడిపించానన్న తృప్తి ఆయన కళ్లలో కనపడింది. మా ఒంటిని మాకిచ్చి, ఆ ఒంటికి పెట్టే తిండిని మఠానికిచ్చాడు.

"ఇగ సదువుడు అయిపోయింది" అన్నాడు మారయ్య బయటికి వచ్చి. "రేపు పొద్దుగాల అందరు చేన్ల ఉండాలె. పిల్లగాండ్లతోని, ముసలోళ్లతోని. ఎవ్వలు ఉరుకద్దు."

పొద్దెక్కేసరికి రెండు వందల మందిమి జొన్నచేలో బారులుగా కూచున్నాం. మా ఊళ్లో కూలీ దొరకదని తెలిసి మఠం వేరే ఊరినుంచి నలభై మందిని బండ్ల మీద తెచ్చింది. వాళ్ల ముఠా పెద్ద బిక్షమ్మ. చీర గోచీ బిగించి కొడవలితో గట్టు దిగి, మమ్మల్ని చూసి ఆగింది.

"గీ చేను ఎవలది?" అని అడిగింది.

సోమమ్మ చెప్పింది. రాయి సంగతి, ఆవుల సంగతి, ఆ తర్వాత వరుస సంగతి, అధికారి చెప్పిన తీర్పు సంగతి. ఎక్కడా గొంతు పెంచలేదు. బిక్షమ్మ మొత్తం విని, నా వైపు తిరిగింది.

"మా ఊర్ల గూడ గసుంటి రాయి ఉన్నది. అండ్ల గూడ గిట్లనే ఉంటదా?"

"నేను సదవలే" అన్నాను.

ఆమె కొడవలిని నడుముకు దోపుకుని సోమమ్మ పక్కన కూచుంది. ఆమె వెనక నలభై మందీ కూచున్నారు. గట్టు మీద అయ్య గొడుగు వణకడం చూశాను. ఆ ఒక్క చూపు నాకు జీవితానికి చాలు.

తర్వాత లాఠీలు. జుట్టు పట్టి ఈడ్చి ముప్పై ఒక్క మందిని లారీలో కుక్కారు. మారయ్య, సోమమ్మ, బీరప్ప, నేను. ఇంకొకరు పట్టే చోటు లేదు. సగం మంది సైనికులు మాకు కాపలాగా వెనక ఇంకో లారీ ఎక్కారు. లారీ మలుపు తిరుగుతుంటే, మిగిలినవాళ్లు లేచి రెండు ఊళ్లవాళ్లూ కలిసి కోత మొదలుపెట్టడం కనిపించింది. ఊరికోసం కోస్తున్నారు. చేలో మిగిలిన సైనికుల జమాదారు చూశాడు, చేతిలో మనుషులు చాలక ఊరుకున్నాడు.

దారిలో మిలిటరీ క్యాంపు దగ్గర మారయ్యను దించుకున్నారు. పారిపోతుంటే కాల్చామని మూడో రోజు చెప్పారు. దించేటప్పుడే ఆయన కాళ్లకు తాడు కట్టి ఉంది. నా కళ్లతో చూశాను. రాయి గురించి మా వాదంలో ఆయన గెలిచాడు, ఆ మాట ఆయనతో చెప్పే వీలు నాకు దొరకలేదు.

తొమ్మిదో రోజు మమ్మల్ని పెట్టిన నల్లగొండ జైలుకు కొత్తగా పదిమందిని తెచ్చారు. నుదుటికి కట్టుతో బిక్షమ్మ అందులో ఉంది. ఆడవాళ్ల వైపు నడిపించుకుపోతుంటే మా ఊచల దగ్గర ఆగింది.

"మా రాయి గీకినం పంతులూ. పాత అచ్చరాలు వచ్చిన మా ఊరి జంగమయ్య మూడు దినాలు కూడబలుక్కొని సదివిండు."

"ఏమున్నది?"

"అండ్ల ఆవులు లెవ్వు. ఉట్టి మనుషులే ఉన్నరు." జైలు జమాదారు తోస్తే రెండడుగులు పోయి, మళ్లీ తిరిగింది. "ఊరంత చేన్ల దిగినం. మీ ఊరోళ్లు గూడ వచ్చిన్రు."