రేవులో నోరు తెరవరాదు

మా ఆయన రామాంజనేయులు ఆళ్లగడ్డ డిపోలో ముప్పై రెండేళ్లు కండక్టరు. రిటైరైన నెలకే, చెన్నైలో ఎక్కి ఇరవై రెండు రోజులు తిరిగే ఓడలో ఇద్దరికి చోటు పట్టాడు. దారిలో తొమ్మిది రేవులు. ఒక్కో రేవులో ఆరు గంటలే నిలుపుతారట. దిగి, కాలినడకన ఊరు చూసి, టైముకు మళ్లీ ఎక్కేయాలి. సముద్రాన్ని ఒక్కసారి, అదీ రైలు కిటికీలోంచి చూసినదాన్ని నేను. ఆ మాట విన్నాక సంతోషంతో నాకు అన్నం సయించలేదు.

ఆయనకేమో నా మీద నమ్మకం లేదు. “నువ్వు దిగితే మాటల్లో పడతావ్ మే. ఓడ పోతాది,” అన్నాడు. అందుకని నాకు ప్రాక్టీసు మొదలుపెట్టాడు. బస్సే ఓడ, ఊరే రేవు. మొదటి రేవు శిరివెళ్ల. అక్కడ మిరపకాయలు ఆరబోస్తున్న ఒకామెతో రెండు ముక్కలు మాట్లాడేలోపు బస్సు పోయింది. రెండో రేవు మహానంది. అక్కడేం జరిగిందో చెప్పను, అక్కడా పోయింది.

“ఇంగ నంద్యాల ఒకటే మిగిలింది. అదీ తప్పితే నీ బదులు యోహాను వస్తాడు.”

యోహాను ఆయన బస్సుకు డ్రైవరు, ఆయనకు ప్రాణ స్నేహితుడు. ఓడవాళ్లకు సోమవారంలోగా పేర్లివ్వాలి. ఆ మహానుభావుడు ఓడలో ఈతకొట్టడానికి అప్పుడే నిక్కర్లు కూడా కొనేశాడు.

నంద్యాలకు ఇంకో షరతు పెట్టాడు మా ఆయన. “ఆ దేశాల్లో మన తెలుగు ఎవురికి తెలుసు? ఈడ గూడా సైగలే. ముందు నోరు తెరిచినోళ్ల పేరు కొట్టేసేదే.”

అది నా నోటికి వేసిన తాళమని నాకు తెలీదా? నేనూ మొండిదాన్నే. సరేనన్నాను.

పదింటికి నంద్యాలలో దిగాం. తిరుగు బస్సు నాలుగింటికి. పందెం తీర్పు చెప్పడానికి మాతో వచ్చిన యోహాను బస్టాండులోనే పేపరు పట్టుకొని కూర్చున్నాడు. ఎన్నేళ్లుగానో వస్తూపోతూ ఉన్న ఊరే అయినా, మాట్లాడకుండా నడిస్తే కొత్తగా ఉంది. గాంధీ చౌక్‌లో అంగళ్ల పైన మేడలున్నాయని నాకు ఆ రోజే తెలిసింది.

హోటల్లో ఆయన బొరుగులతో చేసే ఉగ్గాని అడగబోయాడు. ఉగ్గానిని చేతులతో ఎట్లా చూపిస్తారు? గుప్పెట మూశాడు, తెరిచాడు, గాల్లో చల్లాడు. సర్వరు లోపలికి పోయి గుప్పెడు ఉప్పు తెచ్చి ఆయనకు దిష్టి తీశాడు. నేను పక్క టేబుల్ మీది ప్లేటును వేలితో చూపించి నా ఉగ్గాని నేను తిన్నాను.

మూడు దాటాక సంజీవనగర్ గేటు దగ్గర కూరగాయల రామలక్ష్మమ్మ ఎదురైంది. రోజూ ఆయన బస్సులో తిరిగిన మనిషి. “కండక్టరన్నా, బాగుండావా?” అంది. ఆయన నోరు తెరిచి, టక్కున మూసి, చేతులు తిప్పాడు.

ఆమె ముఖం పాలిపోయింది. “అయ్యో దేవుడా! అన్నకు నోరు పడిపోయిందే! ఏమక్కా, ఎప్పుట్నించి?”

నేనూ చేతులు తిప్పాను.

“దిగులుతో ఈయక్కకు గూడా మాట రావడంల్యా!” అని ఆమె గొల్లుమంది. పదిమంది పోగయ్యారు. ఒక్క మాటతో తీరిపోయేదానికి, నేను ముందు మాట్లాడాలని ఆయన, ఆయన ముందు మాట్లాడాలని నేను. ఇద్దర్నీ ఆటోలో కుదేసి, ఏవేవో సందులు తిప్పి, పక్షవాతానికి పసరు పోసే అవ్వ ఇంటికి చేర్చారు.

ఆయన్ను మంచం మీద పడుకోబెట్టారు. ఇద్దరు కాళ్లు పట్టుకున్నారు. అవ్వ పచ్చటి పసరు గిన్నెను ముక్కు దగ్గరికి తెచ్చింది. అప్పటిదాకా నాకు లోపల ఒకటే నవ్వు. అప్పుడాయన నా వైపు చూశాడు. కళ్లలో నీళ్లు. పాడు ఓడ, పోతే పోనీ అనుకున్నాను.

“ఆపమ్మా! ఈయనకు నోరు పడిపోల్యా, పొగరు పట్టింది!”

మంచం మీంచి ఎగిరి దూకాడు. “మాట్లాడినావ్! నువ్వే ముందు మాట్లాడినావ్ మే!”

“అవ్వ పసరు వాసనకే మాటొచ్చింది రోయ్!” అని జనం అవ్వ చుట్టూ మూగారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఎవరి కోసం మాట్లాడాను నేను? “ఔ, ఓడిపోయినా. నువ్వూ యోహానూ పోండి,” అనేసి, ఆయన కోసం చూడకుండా బయటపడ్డాను. సందుకొకరిని దారి అడుక్కుంటూ, కళ్లు తుడుచుకుంటూ, నాలుగుకు పది నిమిషాలుండగా బస్టాండుకు చేరాను.

నాలుగైంది. ఆయన రాలేదు. బస్సు కదిలింది. జరిగిందంతా చెప్పేసరికి నా పక్క సీట్లో యోహాను కళ్లు పెద్దవి చేసుకున్నాడు. ఊరు దాటుతుంటే ఫోన్ మోగింది.

“ఏమ్మే, యాడుండావ్?”

“ఓడలో.”

“నేనేడుండానో నాకే తెలీడంల్యా. ఈ సందులన్నీ ఒకే మాదిరి ఉండాయి.”

“ఎవుర్నన్నా అడుగు. నోరుంది కదా.”

“ఎట్లడగాల్నో తెలీడంల్యా మే. ముప్పై రెండేండ్లు నన్నే అందరూ అడుగుతాండ్రి.” తర్వాత గొంతు తగ్గించాడు. “నువ్వు ల్యాకుంటే నేను ఒక్క రేవులో గూడా దిగలేను.”

“సరిగా వినపడల్యా,” అని ఫోన్ స్పీకరు పెట్టి యోహాను వైపు తిప్పాను. “గట్టిగా చెప్పు.”