తెల్లబడిన వేళ్ళు

ఆఫీసు నుంచి వచ్చి బాల్కనీలో అడుగుపెట్టి చూద్దును కదా, చెక్కముక్కకు కట్టి, రోజూ పొద్దున్నే నీళ్ళు చిలకరిస్తూ నాలుగేళ్ళుగా పెంచుతున్న ఆర్కిడ్ మొక్క గుండు కొట్టించుకున్నట్టు ఉంది. గాలిలో జానెడు పొడవున వేలాడే వేళ్ళు ఒక్కటీ మిగల్లేదు.

"ఆ ఎండిపోయిన పీచంతా కత్తిరించేశాను. ఇప్పుడు చూడు, ఎంత శుభ్రంగా ఉందో!" అంది మా ఆడపడుచు, చేతిలో కత్తెరతో.

"అది పీచు కాదు వదినా, వేళ్ళు! ఈ మొక్కకి మట్టి అక్కర్లేదు. గాలిలో తేమని వాటితోనే తాగుతుంది."

"నాకే చెప్పొచ్చావా! నువ్వు పుట్టకముందు నుంచీ మొక్కలు పెంచుతున్నాను. తెల్లగా అయిపోయాయంటే చచ్చినట్టే."

మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే, "పోనిద్దూ, అక్క సాయం చేద్దామనేగా చేసింది" అన్నాడు.

అడగని సాయం! నాకు ఒళ్ళు మండిపోయింది. చెత్తబుట్టలోంచి ఆ వేళ్ళన్నీ ఏరి, పళ్ళెంలో పరిచి, ఇద్దరి ముందూ పెట్టి గ్లాసుడు నీళ్ళు పోశాను. చూస్తుండగానే తెల్లటి వేళ్ళు ఒక్కొక్కటే ఆకుపచ్చగా మారాయి.

"చూడండి వదినా, ఇంకా తాగుతున్నాయి" అన్నాను. "మీరు తెగ్గోసేశారని వాటికింకా తెలీదు."