ఒక దెబ్బకి తొక్కాలి, రెండిటికి వదలాలి

వడ్రంగి బావమరిదితో మాట మానేసి ఏడాది దాటింది. భార్యకి గుండెనొప్పి వచ్చిన రోజు కారు వాకిట్లో లేదు. ఎవరికో కుట్టిన బట్టలు ఇచ్చి రావాలని దర్జీ పని చేసే ఆమె తమ్ముడు తీసుకెళ్ళాడు. ఇదిగో వచ్చేస్తున్నా బావా అని ఫోనులో అన్నాడు. వచ్చాడు, అంతా అయ్యాక.

ఇప్పుడు కూతురికి నెలలు నిండాయి. రేపో మాపో కాన్పు. ఈసారి కారు కోసం ఎవరి దారీ చూడకూడదని వడ్రంగి పట్టు. ఆ కారేమో బ్రేకు వేస్తే గీపెడుతోంది. చక్రాల వెనక ఉండే ఇనుప డిస్కులు అరిగి గాట్లు పడ్డాయి. షెడ్డువాడు వారం ఆగమన్నాడు. ఆగమంటే ఆగే గుణం వడ్రంగికి పుట్టుకతోనే లేదు. కొత్త డిస్కులు తెచ్చి వాకిట్లోనే జాకీతో కారెత్తి చక్రం విప్పాడు.

చిక్కల్లా ఒకటే. స్క్రూ విప్పేటప్పుడు డిస్కు తిరిగిపోకుండా లోపల ఒకరు బ్రేకు తొక్కి పట్టాలి. ఆ పని ఎప్పుడూ భార్యది. చాలు అనగానే ఆమె కాళ్ళు రెండూ సీటు మీదికి లాక్కుని బాసింపట్టు వేసుకునేది, పొరపాటున కూడా పెడల్‌కి తగలకుండా. ఇప్పుడు కూతురి పొట్ట స్టీరింగు వెనక పట్టదు. తండ్రిని అడక్కుండా మామయ్యకి ఫోను చేసింది.

దర్జీ తన కారులో వచ్చాడు. అక్క పోయాక కొన్న పాత కారు. వడ్రంగి తలెత్తలేదు. గోడకి చెప్పినట్టు కూతురికి చెప్పాడు.

"ఒక దెబ్బ కొడితే తొక్కమను. రెండు కొడితే వదలమను."

"మనిషి పక్కనే ఉన్నాడు నాన్నా. నోటితో చెప్పొచ్చుగా."

"నాకు సుత్తి ఉంది."

దర్జీ నవ్వాడు. "కాళ్ళతోనే బతికేవాణ్ణి. తొక్కడం నాకు నేర్పక్కర్లేదులే అమ్మా," అని లోపల కూర్చున్నాడు.

మొదట బాగానే సాగింది. ఒకటి కొట్టాడు, డిస్కు బిగిసింది. స్క్రూ ఊడింది. రెండు కొట్టాడు, వదులైంది. మాటలున్న రోజుల్లో వీడితో ఏ పనీ ఇంత సజావుగా జరగలేదనుకున్నాడు వడ్రంగి.

తర్వాత, డిస్కుని రెండు పక్కలా పట్టి నొక్కే కాలిపర్‌ని విప్పి తీగతో పైకి కట్టాడు. ఇక డిస్కు రావాలి. రాలేదు. తుప్పు దాన్ని ఇరుసుకి అతికించేసింది. చేత్తో లాగాడు, చెక్కతో తట్టాడు. మొండికేసింది. ఒళ్ళు మండి సుత్తితో ఒక్కటి వేశాడు. వెంటనే వరసగా రెండు. డిస్కుని కాస్త తిప్పి ఇంకొకటి. మళ్ళీ రెండు, మళ్ళీ ఒకటి.

డిస్కు ఊడి చేతికొచ్చింది. అదే క్షణంలో కాలిపర్‌లోంచి పిడికిలంత పిస్టన్ జారి నేల మీద దొర్లింది. దాని వెనకే బ్రేకు నూనె బొటబొటా కారింది. లోపలి రబ్బరు చిరిగిపోయింది.

బ్రేకు తొక్కినప్పుడు, నొక్కడానికి ఎదురుగా డిస్కు లేకపోతే పిస్టన్ ఆగదు. ఆ సంగతి భార్యకి తెలుసు. దర్జీకి తెలీదు. చెప్పాల్సినవాడు చెప్పలేదు.

దర్జీ దిగి వచ్చి నూనెని చూశాడు. "దెబ్బ వినబడగానే తొక్కాను బావా. ఆలస్యం కాకూడదని."

వడ్రంగి తిట్టడానికి నోరు తెరిచాడు. తిట్టు కూడా మాటే. అది సైతం వాడికి ఇవ్వబుద్ధి కాలేదు.

కూతురు గుమ్మంలో నడుం పట్టుకుని నిలబడి, రాత్రికి నొప్పులొస్తే ఎలాగని అడిగింది. దర్జీ జేబులోంచి తన కారు తాళంచెవి తీసి మెట్టు మీద పెట్టాడు. నడిచి పోతాను, దగ్గరేగా అన్నాడు. దగ్గరేం కాదు.

వడ్రంగి పంతం ఎవరి దగ్గరైనా చెల్లుతుంది గానీ, కూతురి కడుపు దగ్గర చెల్లదు. చేతులు తుడుచుకుని తాళంచెవి తీసుకున్నాడు.

"పెట్రోలు ఉందా?" అన్నాడు. ఏడాదికి అదే మొదటి మాట.

"నిండా ఉంది బావా. ఎప్పుడూ నిండుగానే ఉంచుతాను."

బావమరిది గేటు దాటాక, వడ్రంగి రంపపు పొట్టు తెచ్చి నూనె మీద పోసి, కాలితో అదిమాడు.